పోటో అవ్వ నుదురు

ఈ వయసులో కోపం మంచిది కాదని డాక్టరు చెప్పాడు. మా అమ్మాయి రోజూ ఫోనులో చెబుతుంది. విరుదునగర్‌లో ఆ మేడ మెట్లు దిగుతున్నప్పుడు మా మేనల్లుడు సీను కూడా చెప్పాడు. ముగ్గురికీ నాది ఒకటే జవాబు. మీ ఇంటి మనిషి మొహాన్ని ఎవరో పరాయివాడు తడి దూదితో తుడిపించి, కొత్త అద్దం బిగించి, కింద "పేరు తెలియని పల్లె స్త్రీ" అని రాసి గోడకు తగిలిస్తే మీరెంత శాంతంగా ఉంటారో నేనూ చూస్తాను. ఆ రోజు వచ్చిన కోపం నాకింకా పోలేదు. పోలేదు సరికదా, మొదట ఎవరి మీద వచ్చిందో వాళ్ళను వదిలి మా ఇంటి మీదికే తిరిగింది. ఎట్లా తిరిగిందో చెప్పాలంటే ముందు మా పత్తి గది గురించి చెప్పాలి.

మాది కోవిల్‌పట్టికి దగ్గరలో ఒక నల్లరేగడి పల్లె. తాతల తాతల కాలంలో ఎప్పుడో ఉత్తరం నుంచి వచ్చిన రైతులం. ఇంట్లో తెలుగు, వీధిలోకి వస్తే అరవం. మా ఇంట్లో తెలుగు చదవగలిగినవాళ్ళు ఎవరూ లేరు. నేను పెళ్ళయి తిరుపతి వచ్చాక, నా మాట విని అక్కడివాళ్ళు "ఇదేం తెలుగమ్మా" అని నవ్వితే ఒళ్ళు మండి, పట్టుబట్టి రాయడం నేర్చుకున్నాను. కోపం వల్ల నాకు జరిగిన మంచి ఏదైనా ఉంటే మొదటిది అదే. చిన్నప్పుడు నేను అలిగి మూతి బిగిస్తే మా పెద్దమ్మ, అంటే మా నాన్నకు అన్న భార్య, "పోటో అవ్వ చూపు దీనికే వచ్చుండాది" అనేది. పోటో అవ్వ మా పత్తి గదిలో గోడ మీద ఉండేది.

ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గది అదే. మాసి నెల, అంటే మాఘం, వస్తే పత్తి తీసి తెచ్చి అక్కడ పోసేవారు. తలుపు తీస్తే పత్తిగింజల జిడ్డు వాసన, ఎండలో కాగిన మట్టి వాసన, మూలన పెట్టిన నువ్వుల చెక్క వాసన కలిసి మొహాన కొట్టేవి. అందులో పరుగెత్తితే తుమ్ములు, దగ్గులు, వెనకాలే పెద్దమ్మ తిట్లు. పెద్దమ్మ తెల్లారకముందే లేచి, ముందురోజు నానబెట్టిన పత్తిగింజలు రుబ్బురోట్లో వేసి రుబ్బి పాలు పిండేది. ఆ పాలు ఎడ్లకు, గేదెకు. మాకు జలుబు చేస్తే వాటిలోనే తాటిబెల్లం, శొంఠి వేసి కాచి ఇచ్చేది. తను మాత్రం అందరూ తిని లేచాక సద్ద సంగటి చల్లలో పిసుక్కొని నిలబడే తాగేది. పెద్దమ్మ కూర్చుని తినడం నేను చూడలేదు. ఎడ్లతో మాట్లాడినంత ప్రేమగా మనుషులతో మాట్లాడేది కాదు. మా అమ్మ ఆమెకు తోటికోడలు, నెమ్మదస్తురాలు. పెద్దమ్మ నోరు చేసుకుంటే అమ్మ నవ్వి ఊరుకునేది, ఇద్దరూ కలిసే పేడ ఎత్తేవారు, కలిసే పత్తి ఏరేవారు.

పోటో అవ్వ రెండు అరచేతులు పక్కపక్కన పెట్టినంత ఉండేది. నలుపూ తెలుపూ కాదు, కాఫీ డికాషన్ ఒలికిన గుడ్డ రంగు. పత్తి కుప్ప పక్కన ఒక మనిషి నిలబడి, ఎడమచేయి కుప్ప మీద ఆనించి, సూటిగా మన కళ్ళలోకి చూస్తూ ఉంటుంది. తూత్తుకుడి నుంచి పత్తి కొనడానికి వచ్చే తెల్లదొర ఒకడు కెమెరా పెట్టె, మూడుకాళ్ళ కొయ్య బండిలో తెచ్చి తీశాడని, ఎండలో కదలకుండా నిలబడమన్నందుకు అవ్వకు కోపం వచ్చి అట్లా చూసిందని మాకు చెప్పేవారు. ఆమె మా తాతకు అవ్వో, ఆ అవ్వకు అత్తగారో ఎవరికీ సరిగ్గా తేలేది కాదు. అందరికీ ఆమె పేరంటాలు. పసుపు కుంకుమలతో, ముత్తైదువుగా కన్నుమూసిన ఆడమనిషిని పేరంటాలని ఇంటి దేవతగా కొలవడం మా వాళ్ళలో ఉన్నదే. వేరే ఇళ్ళలో పేరంటాలంటే ఒక చెంబు, ఒక చీర మడత. మా ఇంట్లో పోటో ఉంది. ఊళ్ళో ఇంకెవరికీ లేని గొప్ప అది.

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒక శుక్రవారం అవ్వ పండగ. ఆ రోజు పోటో దించి, వెనక చిన్న మేకులు ఊడదీసి, అద్దం తీసి, అట్టకు అంటించి ఉన్న ఆ కాగితాన్ని పీట మీద పడుకోబెట్టేవారు. ఇంటి కోడలు పసుపు తడిపి చిటికెనవేలితో అవ్వ మెడకు ఒక గీత గీసేది, అది తాళి. రెండు మణికట్ల మీద అద్దేది, అవి గాజులు. కాలివేళ్ళ మీద చుక్కలు పెట్టేది, అవి మెట్టెలు. చివర నుదుట కుంకుమ. అద్దం మీద కాదు, నేరుగా కాగితం మీద. ఏటేటా పెట్టి పెట్టి ఆ నుదురు ఎర్రగా గట్టిపడిపోయింది, మెడ దగ్గర పసుపు పేరుకుపోయింది. కొత్త కోడలు గడపలోకి వచ్చాక చేసే మొదటి పని అవ్వకు బొట్టు పెట్టడం. ఆడపిల్ల పెళ్ళయి ఇల్లు వదిలేటప్పుడు చేసే ఆఖరి పని కూడా అదే. ఆ ఎరుపులో మా అమ్మ వేలు ఉంది, పెద్దమ్మ వేలు ఉంది, మా మేనత్తలందరి వేళ్ళూ ఉన్నాయి. తిరుపతి రైలు ఎక్కబోయే ముందు నేనూ పెట్టాను. ఏడుస్తూ పెట్టాను.

మొగుడు పోయినవాళ్ళు మాత్రం ఆ రోజు పత్తి గది గడప దాటకూడదు. పేరంటాలికి ఎదురుపడకూడదు. మా నాన్న పోయాక అమ్మ గడప ఇవతల గోడకు ఆనుకొని కూర్చునేది. నైవేద్యానికి పత్తిగింజల పాలు తనే కాచి గిన్నె లోపలికి అందించేది, తను మాత్రం లోపలికి వచ్చేది కాదు. తర్వాత పెదనాన్న పోయాడు, పెద్దమ్మ వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ పోయింది. మా ఆయన పోయిన ఏడాది నేను పండగకు వెళితే పెద్దమ్మ నా చేయి పట్టుకొని ఆపింది. "రాజీ, నువ్వు ఈడనే ఉండు తల్లీ. నాతో కూసో" అంది. కూర్చున్నాను. ఆ తర్వాత పండగకు వెళ్ళడమే మానేశాను.

తిరుపతిలో నేను రోజూ నల్ల బొట్టుబిళ్ళ పెట్టుకునే తిరుగుతాను. కోవిల్‌పట్టి వెళ్తే మాత్రం రైలు దిగేముందే తీసి పర్సు లోపల అంటించుకుంటాను. తీయమని నాతో ఎవరూ చెప్పలేదు. చెప్పకుండానే తీసేలా పెంచారు. అయినా, ఆ గదిలోకి నన్ను రానివ్వకపోయినా, ఆ కాగితం మీద నేను పెట్టిన ఎరుపు ఉందిలే అనే ధైర్యం ఒకటి ఉండేది. నా పుట్టింట్లో నాకంటూ మిగిలింది అదొక్కటే. దానికోసమే ఇంత గొడవ పడ్డానని ముందే చెప్పేస్తున్నాను.

ఇక మా సీను చేసిన ఘనకార్యం. సీను మా తమ్ముడి కొడుకు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో సూపర్‌వైజరు. తమ్ముడూ మరదలూ పోయాక ఆ ఇల్లు, పెద్దమ్మ, అవ్వ పండగ అన్నీ వాడి చేతికీ, వాడి పెళ్ళాం మల్లిక చేతికీ వచ్చాయి. ఒకసారి ఊళ్ళోకి మైకు పెట్టుకొని వ్యాను ఒకటి వచ్చిందట. పాత పోటోలు ఇస్తే పైసా తీసుకోకుండా రంగుల్లో పెద్దవి చేసిస్తారట. ఊరు ఊరంతా తాతల్నీ అవ్వల్నీ గోడల మీంచి దించి క్యూలో నిలబడ్డారు. ఉచితంగా ఎందుకిస్తాడని ఒక్కడికీ అనుమానం రాలేదు. మా అవ్వ వెళ్ళి, తలుపంత లామినేషన్ బొమ్మ తిరిగి వచ్చింది. దాంట్లో ఆమెకు ఎర్ర పట్టుచీర కట్టారు, మెడలో కాసుల పేరు వేశారు, ముక్కుకు రవ్వల ముక్కుపుడక పెట్టారు. పత్తి కుప్ప చెత్తలా కనిపిస్తోందని తీసేసి దాని చోట జలపాతం పెట్టారు. అన్నిటికన్నా ఘోరం, కళ్ళలో కోపం తీసేసి చిరునవ్వు పెట్టారు. సీను వాట్సాప్‌లో పంపితే చూసి ఫోను చేశాను.

"పాతది యాడ?"

"అది చెదలు పట్టి సెల్లరించి పోయుండె అత్తా. మేమే పారేస్తామని వాండ్లే పెట్టుకొనిరి. ఇది చూడు, ఎంత అందంగా ఉండాది!"

ఆ రోజు నేను వాడిని తిట్టిన తిట్లు రాస్తే ఈ పుస్తకం ఎవరూ అచ్చు వేయరు. తర్వాత చాలాకాలం వాడితో మాట్లాడలేదు. అవ్వ ఏ చెత్తకుప్పలోనో తడిసి ముద్దయి ఉంటుందని తలుచుకుంటే అన్నం సహించేది కాదు. ఆఖరికి రాజీపడ్డాను, వాడు నా తమ్ముడి కొడుకు కాబట్టి, పెద్దమ్మను వాడే చూసుకుంటున్నాడు కాబట్టి. కిందటి వేసవిలో పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదంటే చూడటానికి వెళ్ళాను. విరుదునగర్‌లో ఏదో మిషను పనుంది, నువ్వూ రా, కారులో చల్లగా పోయి వద్దాం అన్నాడు సీను. తన పని అయ్యేదాకా నన్ను ఎండలో కూర్చోబెట్టడం ఇష్టంలేక, ఒక పాత మేడ ముందు దించి, పైన ఏవో పాతకాలం పోటోలు పెట్టారట, ఏసీ ఉంటుంది, చూస్తుండు అని వెళ్ళాడు.

ఆ మేడ చిదంబరం గారిది. మిరపకాయలు, పప్పులు అమ్మి సంపాదించిన ఇల్లు. ఆయన వ్యాపారం కొడుకులకు అప్పగించి, కెమెరాలు మన దేశానికి వచ్చిన తొలిరోజుల నాటి పోటోలు పోగుచేస్తున్నాడు. పైన హాలు గోడల నిండా అవే. గోపురాలు, గుర్రాల మీద దొరలు, తలపాగాల జమీందార్లు. అన్నీ అదే గోధుమ రంగు. నేను మోకాళ్ళు పట్టుకొని ఒక్కొక్కటే చూస్తూ వస్తుంటే, ఒక మూల నుంచి ఎవరో నన్ను కోపంగా చూశారు. బొమ్మను గుర్తుపట్టకముందే ఆ చూపును గుర్తుపట్టాను. చెత్తకుప్పలో లేదు, బతికే ఉందని మొదట సంతోషమే వేసింది. ఆ సంతోషం గుటక మింగినంత సేపు కూడా నిలవలేదు. నుదురు మీద బొట్టు లేదు. మెడలో పసుపు లేదు. ఎవరో ఆమెను తుడిచి, కింద పేరు తెలియదని చీటీ అంటించి పెట్టారు.

చిదంబరం గారు మర్యాదస్తుడు, కుర్చీ తెప్పించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. మా మాటలన్నీ అరవంలోనే నడిచాయి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఇది మా ఇంటి పోటో, కొత్తది ఇచ్చి వ్యానువాళ్ళు పట్టుకుపోయారంటే ఆయన నమ్మాడు, నమ్మి సంతోషపడ్డాడు కూడా. మదురైలో ఒక బేరగాడి దగ్గర కొన్నాడట. పెద్ద మనవరాలికి పాఠం చెప్పినట్టు నాకు చెప్పడం మొదలుపెట్టాడు.

"ఇది మామూలు కాగితం కాదమ్మా. కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం. దాన్ని వెండి ద్రావకంలో తడిపి, గాజు పలక కింద పెట్టి ఎండలో ఉంచితే బొమ్మ దిగేది. ఆ కాలంలో అట్లాగే చేసేవారు."

అవ్వ పండగ వస్తుందంటే ముందురోజే కోళ్ళను గంపతో సహా ఇంట్లోంచి బయటికి పంపేది పెద్దమ్మ. నీసు సోకితే అవ్వ సహించదని. ఆ అవ్వ ఇన్నేళ్ళూ కోడిగుడ్డు మీదే నిలబడి ఉందన్నమాట. ఇంకో రోజైతే పడీపడీ నవ్వేదాన్ని.

"మా దగ్గరికి వచ్చినప్పుడు ఎంత మురికిగా ఉండేదో చూడండి" అని ఆయన తన ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. గట్టిపడిన ఎర్ర నుదురు, పసుపు పేరుకున్న మెడ. మా ఇంటి అవ్వ. "మద్రాసులో ఈ పని తెలిసిన ఒకామె పుల్ల చివర దూది చుట్టి, వారాల తరబడి కూర్చుని తుడిచింది. నుదుటి దగ్గర కొంచెం నీడ మిగిలిపోయింది, చూశారా? అదొక్కటి పోలేదు. అది కూడా పోయి ఉంటే దీని విలువ ఇంకా పెరిగేది."

"మురికా?" అన్నాను. నా గొంతు హాలంతా వినపడింది. "అది మా అమ్మ వేలు. మా మేనత్తల వేళ్ళు. నా వేలు. ఎవర్నడిగి తుడిచారు?"

ఆయన బెదరలేదు. మీ వాళ్ళే ఇచ్చి కొత్తది పుచ్చుకున్నారు కదమ్మా అన్నాడు. నిజమే. అంతకన్నా కోపం తెప్పించే మాట లోకంలో ఉండదు. ఇట్లాంటి పోటో విలువ ఎట్లా కడతారో కూడా ఓపిగ్గా చెప్పాడు. రంగు వెలవకూడదు, అట్ట అంచులు కత్తిరించి ఉండకూడదు, మరకలు ఉండకూడదు, తీసినవాడెవరో తెలిస్తే మంచిది, అన్నిటికన్నా మించి బొమ్మలో ఉన్న మనిషి ఎవరో తెలియాలి. అది తెలిస్తే ఈ బొమ్మ స్థాయే వేరట. ఎంత అవుతుందో అంకె చెప్పాడు. అది నేను ఇక్కడ రాయను.

"మీ ఇంటి మనిషి అన్నారు. పేరు చెప్పండి, ఇప్పుడే ఈ చీటీ మార్చేస్తాను" అన్నాడు.

నోరు తెరిచాను. పోటో అవ్వ. పేరంటాలు. రెండూ పేర్లు కావు. ఏటేటా పాలు పోసి, పూలు పెట్టి, దండం పెట్టిన మనిషి పేరు నాకు తెలియదు. పేరు తెలియని స్త్రీ అని రాశాడని ఆయన మీద విరుచుకుపడటానికి వచ్చిన నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మొహం చూడలేక బొమ్మ వైపు తిరిగాను. అప్పుడు చూశాను. పసుపు తుడిస్తే పోవలసింది పసుపు. కింద తాళి ఉండాలి కదా. లేదు. బోసి మెడ. కుప్ప మీద ఆనించిన చేతికి ఒక్క గాజు లేదు. కాలివేళ్ళు నేల మీద స్పష్టంగా కనిపిస్తున్నాయి, మెట్టెలు లేవు. నుదురు నున్నగా ఉంది. మా పేరంటాలు, మా ముత్తైదువ, ఎదురుపడకూడదని మమ్మల్ని గడప బయట కూర్చోబెట్టించిన ఆ దేవత, నాలాగే మొగుడు పోయిన మనిషి.

సీను వచ్చేసరికి నేను కుర్చీలో ఉన్నాను. వాడిని చూడగానే పోయిన గొంతు తిరిగి వచ్చింది. ఇద్దరినీ కలిపి దులిపేశాను. ఆఖరికి ఒక ఒప్పందం అయింది. పండగ రోజు చిదంబరం గారు పోటో తీసుకొని మా ఊరు రావాలి, పెద్దమ్మకు చూపించాలి, పేరు ఆమెను అడగాలి. పేరు మీద ఆశతో ఆయన వెంటనే సరేనన్నాడు. మెట్లు దిగుతుంటేనే సీను కోపం మంచిది కాదన్నది. కారు సాత్తూరు దాటాక మళ్ళీ కదిపాడు.

"సుమ్మా ఒక పోటో దానే అత్తా. దీనికా ఇంత?"

ఉత్త పోటోయే కదా అంటున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నాలుగు వరసల రోడ్డు, రెండు పక్కలా టపాకాయల కంపెనీల బోర్డులు. నా చిన్నప్పుడు ఈ దారంతా నల్లమన్ను, పత్తి. ఇంటింటికీ ఒక్క పోటో ఉంటే గొప్ప, దానికోసం ఏడాదికి ఒక పండగ. సీను ఫోనులో వాడి కూతురి పోటోలు ఎన్ని ఉన్నాయో వాడికే తెలియదు. ఆ ఒక్కదాన్ని కాపాడుకోలేనివాళ్ళకు ఇన్ని ఎందుకో నాకు అర్థం కాదు. కానీ ఆ దారిలో నన్ను తినేసింది అది కాదు. ఆ ఒక్కదాన్నయినా మేం ఎప్పుడైనా నిజంగా చూశామా అన్నది.

ఆడి శుక్రవారానికి మళ్ళీ వచ్చాను. చిదంబరం గారు చెప్పిన వేళకు కారు దిగాడు, తెల్ల చేతితొడుగులు వేసుకొని, పోటోను పెట్టెలోంచి పసిపిల్లను తీసినట్టు తీశాడు. మల్లిక పీట వేసి, పసుపు కుంకుమల పళ్ళెం పట్టుకొని గదిలో నిలబడింది. పెద్దమ్మ గడప ఇవతల, తన చోట, గోడకు ఆనుకొని ఉంది. చెవులు బాగానే పనిచేస్తాయి, చూపు కూడా ఉంది, నడుం మాత్రం వంగిపోయింది. నేను పోటోను బయటికి, పెద్దమ్మ దగ్గరికి తెమ్మన్నాను. ఆమె మొహం పక్కకి తిప్పేసుకుంది.

"ఈతట్టు తేవద్దండి. నేను చూడకూడదు."

"చూడు పెద్దమ్మా. చూసి చెప్పు. ఆమెకు తాళి లేదు."

చాలాసేపటికి తల తిప్పింది. తొంభై దగ్గరపడిన మనిషి, పోటో మీదికి వంగి, కడిగిన ఆ మొహాన్ని మెల్లగా చూసింది. "మొకం బాగా కడిగినారు" అంది. ఆశ్చర్యం ఏమీ లేదు ఆ గొంతులో. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

"నీకు తెలుసా?"

"ఈ ఇంటికి వచ్చిన కోడండ్లకు అందరికీ తెలుసు రాజీ. అత్త కోడలికి చెప్తాది. ఇంటి బిడ్డలకు చెప్పేది లేదు. మీరు ఇంకొక ఇంటికి పోయేవాండ్లు దానే."

మల్లిక వైపు చూశాను. పళ్ళెంలోకి చూస్తోంది. దానికీ తెలుసు. సీను మాత్రం నోరు తెరుచుకొని నిలబడ్డాడు, వాడు మగవాడు కాబట్టి వాడికీ ఎవరూ చెప్పలేదు.

"ఆమె పేరు అచ్చమ్మ" అంది పెద్దమ్మ. "మొగుడు పోయినప్పుడు చంకలో బిడ్డ. కాణి, ఈ భూమంతా మాకు విడిచి పుట్టింటికి పో అని మరుదులు తరిమినారంట. పోలే. తానే మడక పట్టి సేద్యం చేసింది. ఈ సీమలో ఆమె పత్తి మాదిరి యాడా లేదనే దాన్ దొర పోటో పట్టింది. ఆమె చచ్చినాక కోడలు పోటో గోడకు మాట్టింది. ముండమోసినదాని మొకం ఎదురుగా పెండ్లి ఎట్ల చేస్తారని ఊరంతా ఏసి తిట్టిరి. ఆ కోడలు ఏమి చేస్తాది? పసుపు తెచ్చి తాళి గీసింది. బొట్టు పెట్టింది. ఇప్పుడు ఈమె పేరంటాలు, ఎవురు ఏమి చెప్తారో చెప్పండి అన్నింది. ఎవురూ నోరు తెరవలే."

ఆ కోడలు ఎవరో గానీ ఆమెకు నేను దండం పెడతాను. అత్తను గోడ మీంచి దించకుండా ఉండటానికి ఒక్క చిటికెడు పసుపుతో ఊరి నోరు మూయించింది. నా కోపం ఆమె మీద కాదు. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరి మీదా. లోపల పీట మీద ఉన్నది మొగుడు పోయిన మనిషని తెలిసీ, ఆమెకు బొట్టు పెట్టి, మొగుడు పోయిన మనుషులను బయట కూర్చోబెట్టారు. ఏటేటా. తెలిసి.

"అమ్మకూ తెలుసా?" అని అడిగాను. జవాబు నాకు తెలుసు, అయినా అడిగాను.

"తెలుసు. నాకు చెప్పిన నాడే మీ అమ్మకూ చెప్పిరి."

పాలు కాచి, గిన్నె చేతిలో పట్టుకొని, ఆ గడప దగ్గర వంగి లోపలికి అందించే అమ్మ కళ్ళ ముందుకు వచ్చింది. తెలిసీ అందించింది. చచ్చేదాకా అందించింది. నవ్వి ఊరుకునే మనిషి కదా, దానికీ ఊరుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఎవరినైనా కొట్టాలనిపించింది. పోయినవాళ్ళను కొట్టలేం, ఉన్నది ఈ ముసలి పెద్దమ్మ, ఆమెను ఏం కొడతాను. "నలుగురు ఆడవాళ్ళు ఒక్కసారి లేచి లోపలికి పోతే ఎవడు ఆపేవాడు ఇక్కడ?" అని అరిచాను. 

మాట్లాడింది చిదంబరం గారే. మా తెలుగు ఆయనకు సగం అర్థమయింది, మిగతా సగం సీను చెప్పాడు. ఆయన మొహం వెలిగిపోయింది. "అచ్చమ్మ! సొంతంగా సేద్యం చేసిన వితంతువు! ఇట్లాంటి బొమ్మ దక్షిణాదిలో ఇంకొకటి దొరకదమ్మా" అంటూ జేబులోంచి పెన్ను తీశాడు. ఇంతలో మల్లిక గడప దగ్గరికి వచ్చి, అలవాటు చొప్పున, కుంకుమలో వేలు ముంచి పోటో వైపు వంగింది. "అయ్యో వద్దు!" అని ఆయన కేక పెట్టాడు. అదే క్షణంలో నేనూ వద్దని కేక పెట్టాను. ఇద్దరం ఒక మాట మీద ఉన్నది ఆ ఒక్కసారే. ఆయన భయం విలువ పడిపోతుందని. నా సంగతి వేరు. ఇంతమంది తిట్లు, తరమడాలు పడి, ఎండలో నిలబడి, ఆ మనిషి తన బోసి నుదురుతోనే దొర కళ్ళలోకి చూసింది. ఆ నుదుటిని కప్పే పని ఇక మా ఇంట్లో జరగకూడదు.

"మీరే ఉంచుకోండి" అన్నాను ఆయనతో. తిరిగి ఇవ్వమని పోట్లాడటానికి వచ్చినదాన్ని నేనే. "పేరు రాయండి. మొగుడు పోయిన మనిషని కూడా రాయండి, దాచకండి. ఆ మొహం మీద ఎవరినీ చేయి పెట్టనివ్వకండి." ఆయన తలాడించి, పోటోను పెట్టెలో పెట్టుకొని కారు దగ్గరికి నడిచాడు. సీను సాగనంపడానికి వెళ్ళాడు. గదిలో ఖాళీ పీట, గోడ మీద జలపాతం ముందు నవ్వుతున్న లామినేషన్ బొమ్మ, పళ్ళెం పట్టుకొని ఏం చేయాలో తెలియని మల్లిక మిగిలారు.

పెద్దమ్మ ఇంకా గడప ఇవతలే ఉంది. కారు వెళ్ళిన చప్పుడు విన్నాక నా చేతి మీద చేయి వేసింది.

"కోపం వద్దు రాజీ. నేను పోయినాక నా పోటో కూడా ఆడ మాట్టండి. అప్పుడు మల్లిక నాకు పసుపు పూసి బొట్టు పెడ్తాది. నాకు అది చాలు."

శాంతంగా చెప్పింది. ముందే అన్నీ ఆలోచించి పెట్టుకున్నట్టు చెప్పింది. ఆ శాంతం చూసి నాకు వచ్చిన కోపం ముందు అంతకుముందుదంతా ఏ మూలకూ రాదు. లేచి గడప దాటి గదిలోకి వెళ్ళాను, మల్లిక చేతిలో పళ్ళెం లాక్కున్నాను, వచ్చి పెద్దమ్మ ఎదురుగా నేల మీద చతికిలపడ్డాను. "పోయేదాకా ఎందుకు?" అని, కుంకుమలో బొటనవేలు ముంచి ఆ ముడతల నుదుటి మీద గట్టిగా అద్దాను. మల్లిక "అత్తా!" అంది. పెద్దమ్మ నా చేయి తోసేస్తుందని, శాపనార్థాలు పెడుతుందని అనుకున్నాను. కళ్ళు మూసుకుంది. నుదుటి దాకా చేయి తీసుకెళ్ళింది గానీ ముట్టుకోలేదు, చెదిరిపోతుందని.

"బొట్టు నడుమన ఉండాదా, రాజీ?" అని అడిగింది.